పీపీఓలో ఏం రాసుంది? సైనికుల పిల్లల కాలేజీ చదువుకు ఏ సాయం ఎవరికి సరిపోతుంది

అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున వింజమూరు వైపు నుంచి ఒకావిడ కొడుకును వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. భర్త ఆర్మీలో నాయక్‌గా ఉండగా చనిపోయి తొమ్మిదేళ్లు. పిల్లాడికి ఆ ఏడే బీటెక్‌లో సీటొచ్చింది. చేతిసంచిలోంచి బిస్కెట్ల రేకు డబ్బా తీసి వసారా అరుగు మీద పెట్టింది. అందులో పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు), సైన్యం రికార్డ్ ఆఫీస్ నుంచి వచ్చిన ఉత్తరాలు, డెత్ సర్టిఫికెట్, మడతల దగ్గర చిరిగితే సెల్లోటేప్ వేసిన కాయితాలు ఉన్నాయి.

"అబ్బయా, ప్రైమినిస్టర్ స్కాలర్‌షిప్ అంట, ఫీజంతా కట్టేది ఒకటుందంట, ఇంకోటేదో యాభై వేలంట. ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తన్నారు. మావోడికి ఏది మంచిదో నువ్వే చూడు" అంది.

"ఏది మంచిదో తర్వాత చూద్దాం అక్కా, ముందు ఏది మనకొస్తుందో చూడాలి" అని పీపీఓ విప్పాను.

మా నాన్న హవల్దార్‌గా రిటైరై వచ్చినప్పటి నుంచి మా వసారాలో ఇలాంటి డబ్బాలు తెరుచుకుంటూనే ఉన్నాయి. కావలి, ఉదయగిరి, కందుకూరు వైపు వాళ్లు ఎక్కువగా వస్తారు. అప్పుడప్పుడు గిద్దలూరు నుంచి కూడా ఫోన్లొస్తాయి. అందరూ అడిగేది డబ్బు ఎంతొస్తుందనే. నా లెక్కలో అది నాలుగో ప్రశ్న. ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి.

మొదట తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు చూడాల్సింది, మరణమో వైకల్యమో సైన్యం రికార్డుల్లో ఏ పేరుతో నమోదైందన్నది. యుద్ధంలోనో, ఉగ్రవాదులతో పోరులోనో పోతే ఒక వరుస. డ్యూటీ కారణంగా జరిగిన ప్రమాదం, జబ్బు వల్ల పోతే ఇంకో వరుస. సెలవుల్లో ఇంటి దగ్గరున్నప్పుడు సర్వీసుతో సంబంధం లేని కారణంతో పోతే మరో వరుస. బాధ ఏ ఇంట్లోనైనా ఒకటే. స్కీములు మాత్రం ఈ వరుసను బట్టే తలుపు తీస్తాయి.

దీన్ని తెలుసుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు, ఫ్యామిలీ పెన్షన్ పేరు చూస్తే చాలు. పీపీఓలో "లిబరలైజ్డ్" అని ఉంటే యుద్ధ సంబంధమైన మరణం కింద లెక్క. "స్పెషల్" అని ఉంటే సర్వీసు కారణంగా జరిగిన మరణం. "ఆర్డినరీ" అని ఉంటే సర్వీసుతో ముడిపెట్టలేదని అర్థం. వైకల్యం ఉన్నవారైతే మెడికల్ బోర్డు కాయితంలో "అట్రిబ్యూటబుల్" (సర్వీసు వల్ల వచ్చింది), "అగ్రవేటెడ్" (సర్వీసు వల్ల ముదిరింది) అనే రెండు మాటల ముందు అవునని ఉందా, కాదని ఉందా చూడాలి. ఆరోగ్యం సరిపోదని సర్వీసు మధ్యలోనే బోర్డ్ అవుట్ చేసి పంపారా, లేక పూర్తికాలం చేసి వచ్చారా అన్నదీ చూడాలి.

రెండోది ర్యాంకు. కొన్ని సాయాలు హవల్దార్ వరకే. మూడోది కోర్సు, అందులో ఎన్నో సంవత్సరం. బీఎస్సీ చదివే అమ్మాయికి, బీటెక్ చదివే అమ్మాయికి దారులు వేరు. ఆ తర్వాతే డబ్బు: ఎంత వస్తుంది, అంతకంటే ముఖ్యంగా ఎప్పుడు వస్తుంది. కాలేజీ ఫీజు జులై, ఆగస్టుల్లో అడుగుతుంది. ఈ స్కీముల్లో ఏ ఒక్కటీ ఆ నెలల్లో చేతికి రాదు.

చివరిది, ఒకటి తీసుకుంటే ఇంకోటి పోతుందా అన్నది. చాలా ఫారాల్లో "మరే ఇతర స్కాలర్‌షిప్ పొందడం లేదు" అన్న వాక్యం ఉంటుంది. చదవకుండా సంతకం పెట్టేస్తారు. తర్వాత రెండోది కూడా మంజూరైతే అక్కడ మొదలవుతుంది టెన్షన్.

ఒక చూపులో చూసుకోవడానికి ఈ పట్టిక. వివరాలు కింద ఉన్నాయి.

| సాయం | ఎవరికి | ఎంత | డబ్బు తీరు | ఇబ్బంది |
|---|---|---|---|---|
| రక్షణ శాఖ విద్యా రాయితీ | యుద్ధ చర్యల్లో మరణించిన, గల్లంతైన, శాశ్వత వైకల్యం పొందిన వారి పిల్లలు | ట్యూషన్, హాస్టల్ ఫీజు. పుస్తకాలు, యూనిఫాం కొంత | ముందు కట్టి తర్వాత రాబట్టుకోవాలి | మొదటి డిగ్రీ వరకే |
| ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ | మాజీ సైనికుల పిల్లలు, వితంతువులు. ఆరు కేటగిరీలు | అమ్మాయికి నెలకు 3,000, అబ్బాయికి 2,500 | ఏడాదికి ఒకసారి ఖాతాలోకి | ప్రొఫెషనల్ కోర్సు, మొదటి ఏడాదిలోనే దరఖాస్తు, 60 శాతం |
| స్వనాథ్ | అనాథలు, పోరులో అమరులైన సైనిక, పారామిలటరీ వారి పిల్లలు | ఏడాదికి 50,000 | ఖాతాలోకి | ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) గుర్తింపు కాలేజీ, ఆదాయం 8 లక్షల లోపు |
| రక్షా మంత్రి నిధి విద్యా గ్రాంటు | హవల్దార్ ర్యాంకు వరకు మాజీ సైనికుల పిల్లలు ఇద్దరు, వితంతువులు | నెలకు 2,000 | తరగతి పాసయ్యాక | డిగ్రీ వరకు |
| రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ | ఆదాయ పరిమితిలో ఉన్న కుటుంబాలు | కన్వీనర్ సీటు ఫీజు | విడతలుగా, ఆలస్యంగా | ఆదాయం 2.5 లక్షల లోపు |

రక్షణ శాఖ విద్యా రాయితీ: అర్హత ఉంటే ఇంకేం వెతకొద్దు

ఇది పాత పథకం. 1971 యుద్ధం ముగిసిన వెంటనే పార్లమెంటులో ప్రకటించి, 1972 నుంచి అమలు చేశారు. తర్వాత సియాచిన్‌లో ఆపరేషన్ మేఘదూత్, శ్రీలంకలో ఆపరేషన్ పవన్, కార్గిల్‌లో ఆపరేషన్ విజయ్ లాంటి వాటికీ వర్తింపజేశారు. 2017లో ట్యూషన్, హాస్టల్ కలిపి నెలకు 10,000 మించకూడదని పరిమితి పెట్టారు. గొడవైంది. 2018 మార్చిలో ఆ పరిమితి ఎత్తేశారు. ఇప్పటికీ పదివేలే అని చెప్పేవాళ్లు మన దగ్గర కనిపిస్తారు, అది పాత మాట.

ట్యూషన్ ఫీజు పూర్తిగా, హాస్టల్ ఖర్చు పూర్తిగా వస్తాయి. కాలేజీ బస్సు చార్జీ, రైలు పాసు, ప్రిన్సిపల్ ధ్రువీకరించిన బస్సు చార్జీ కూడా ట్యూషన్ ఫీజు కిందే లెక్కేస్తారు. దీన్ని చాలామంది అడగనే అడగరు. ఆత్మకూరు నుంచి రోజూ నెల్లూరుకు తిరిగే పిల్లకు ఏడాదికి బస్సు పాసు ఎంతవుతుందో మీకు తెలుసు. పుస్తకాలకు ఏడాదికి 2,000 దాకా, యూనిఫాం తప్పనిసరైతే మొదటి ఏడు 2,000 దాకా, తర్వాత 700 దాకా ఇస్తారు. క్యాపిటేషన్ ఫీజు, కాషన్ డిపాజిట్ మాత్రం రావు. కాలేజీవాళ్లు రసీదు మీద అన్నీ కలిపి "ఇతర ఫీజులు" అని ఒకే అంకె రాస్తే మీకే నష్టం. విడివిడిగా రాయించుకోండి.

పీజీకి రాదు. ప్రొఫెషనల్ కోర్సులతో సహా మొదటి డిగ్రీ వరకే. కాలేజీకి ప్రభుత్వ గుర్తింపు ఉండాలి. దరఖాస్తు ఆయా సర్వీసు ద్వారానే పోతుంది. ఆర్మీ కుటుంబమైతే రికార్డ్ ఆఫీసుకు రాసినా, జిల్లా సైనిక్ వెల్ఫేర్ ఆఫీసులో అడిగినా ఫారం ఎలా పంపాలో చెబుతారు.

లెక్క వేసి చూద్దాం. ఒక అమ్మాయి ఒంగోలులో హాస్టల్‌లో ఉండి బీటెక్ చదువుతోంది, కాలేజీ ఫీజు 60,000, హాస్టల్ 80,000 అనుకుందాం. విద్యా రాయితీలో 1,40,000 వెనక్కి వస్తుంది. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌లో 36,000. నాలుగేళ్లకు ఆ తేడా నాలుగు లక్షలు దాటుతుంది. అయినా రెండోదే తీసుకున్న కుటుంబాలు నాకు తెలుసు. కారణం, పక్కింటివాళ్లు దాని గురించే చెప్పారు, మొదటిది ఎవరూ చెప్పలేదు.

దీనికున్న కష్టం ఒక్కటే. ముందు మీరే కట్టాలి. 1,40,000 చేతిలో లేని ఇంటికి రీయింబర్స్‌మెంట్ అన్న మాట ఉత్తి మాటే. అందుకే ఈ దారిలో వెళ్లేవాళ్లు మొదటి ఏడాది ఫీజుకు వేరే ఏర్పాటు చూసుకోవాలి. బ్యాంకు రుణం గురించి చివర్లో చెబుతాను.

ప్రధానమంత్రి స్కాలర్‌షిప్: అందరికీ తెలిసింది, అందరికీ రానిది

కేంద్రీయ సైనిక్ బోర్డు (మాజీ సైనికుల సంక్షేమం చూసే రక్షణ శాఖ సంస్థ) 2006-07 నుంచి దీన్ని నడుపుతోంది. డబ్బు జాతీయ రక్షణ నిధి నుంచి వస్తుంది. ఏడాదికి దేశం మొత్తానికి 5,500. సగం అమ్మాయిలకు, సగం అబ్బాయిలకు. 2019లో రేట్లు పెంచారు. అమ్మాయికి ఏడాదికి 36,000, అబ్బాయికి 30,000. నాలుగేళ్ల కోర్సుకు 1,44,000, 1,20,000.

కేటగిరీలు ఆరు. యుద్ధంలో మరణించిన వారి పిల్లలు, భార్యలు మొదటి కేటగిరీ. యుద్ధంలో వైకల్యం వచ్చి బోర్డ్ అవుట్ అయినవారి పిల్లలు రెండు. సర్వీసు కారణంగా మరణించిన వారివాళ్లు మూడు. సర్వీసు కారణంగా వైకల్యం వచ్చినవారి పిల్లలు నాలుగు. శౌర్య పతకాలు పొందినవారివాళ్లు ఐదు. మామూలుగా రిటైరైన జవాన్లు, జేసీఓల (సుబేదార్ లాంటి జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ల) పిల్లలు ఆరు. ఆఫీసర్ల పిల్లలకు మొదటి ఐదింట్లోనే చోటు. ముందు పై కేటగిరీలు నింపుకుంటూ వస్తారు, ఒక్కో కేటగిరీలో మార్కుల వరుస. అందుకే 62 శాతం వచ్చిన మూడో కేటగిరీ పిల్లాడు వరుసలో ముందుంటాడు, 80 దాటిన ఆరో కేటగిరీ పిల్లాడు మాత్రం జాబితా వచ్చేదాకా చూస్తూ కూర్చోవాలి.

ఇక్కడే ఆర్డినరీ ఫ్యామిలీ పెన్షన్ కుటుంబాలు మోసపోయినట్టు బాధపడతాయి. తండ్రి సర్వీసులో ఉండగానే పోయాడు కదా, మూడో కేటగిరీ అనుకుంటారు. సర్వీసులో ఉండగా పోవడం వేరు, సర్వీసు కారణంగా పోవడం వేరు. అట్రిబ్యూటబుల్ అన్న మాట లేకపోతే వాళ్లూ ఆరో కేటగిరీ వరుసలోనే నిలబడాలి. పూర్తికాలం సర్వీసు చేసి డిజెబిలిటీ పెన్షన్‌తో వచ్చినవాళ్లు కూడా నాలుగో కేటగిరీ ఖాయమని అనుకోకుండా, మెడికల్ బోర్డు కాయితం పట్టుకుని సైనిక్ ఆఫీసులో ముందే చూపించుకోవాలి.

గుర్తుంచుకోవాల్సిన షరతులు కొన్ని ఉన్నాయి. కోర్సు ప్రొఫెషనల్ అయి ఉండాలి. బీటెక్, ఎంబీబీఎస్, బీడీఎస్, బీఫార్మసీ, బీఈడీ, బీబీఏ, బీసీఏ లాంటివి. పీజీల్లో ఎంబీఏ, ఎంసీఏ ఉన్నాయి, మిగతావి లేవు. దూరవిద్యకు, విదేశీ చదువుకు రాదు. అర్హత పరీక్షలో 60 శాతం రావాలి. బీటెక్‌కైతే ఇంటర్ మార్కులు చూస్తారు, డిప్లొమా చేసి లేటరల్ ఎంట్రీలో చేరితే డిప్లొమా మార్కులు. ఈఏపీసెట్ ర్యాంకుతో దీనికి సంబంధం లేదు. ఎంసెట్, అదే ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నాం, దాని మీదే మనసు పెట్టి ఇంటర్ పబ్లిక్ పరీక్షను తేలిగ్గా తీసుకునే పిల్లలకు ఇది ముందే చెప్పాలి.

అన్నిటికంటే పెద్ద షరతు, చేరిన మొదటి సంవత్సరంలోనే దరఖాస్తు చేయాలి. రెండో ఏట తెలిసి వచ్చినవాళ్లకు ఏ సమాధానం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. మంజూరయ్యాక ప్రతి ఏడూ 50 శాతం మార్కులతో పాసై రెన్యువల్ పెట్టుకోవాలి.

సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్ కుటుంబాలకు ఒక మాట. అవి హోంశాఖ కింద ఉన్న దళాలు. అందుకని సైనిక్ బోర్డు దరఖాస్తులో మీకు చోటు లేదు. అదే పేరుతో, అవే రేట్లతో హోంశాఖ స్కాలర్‌షిప్ ఉంది, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి. 2019 మార్పులతో నక్సల్, ఉగ్రవాద దాడుల్లో మరణించిన రాష్ట్ర పోలీసుల పిల్లలకూ ఏడాదికి 500 చేర్చారు.

స్వనాథ్

ఏఐసీటీఈది. 2021లో మొదలైంది. కోవిడ్‌లో తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లలు, అనాథలు, పోరులో అమరులైన సైనిక, కేంద్ర పారామిలటరీ వారి పిల్లలు దీనికి అర్హులు. ఏడాదికి 50,000. డిగ్రీకి 1,000, డిప్లొమాకు 1,000 మొత్తం. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుండాలి, కాలేజీకి ఏఐసీటీఈ గుర్తింపు ఉండాలి, ఇంకో ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకుంటూ ఉండకూడదు.

అర్హత ఉంటే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ కన్నా అంకె పెద్దది. అమ్మాయికైనా ఏడాదికి 14,000 ఎక్కువ. కానీ ఇది నేషనల్ పోర్టల్‌లో మార్కుల వరుసలో పోయేది, సీట్లు తక్కువ. డిప్లొమా పిల్లలకు మాత్రం నేను ముందు దీన్నే చూపిస్తాను. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ డిగ్రీ కోర్సులకే కదా, పాలిటెక్నిక్ పిల్లలకు అక్కడ చోటు లేదు.

రక్షా మంత్రి నిధి గ్రాంటు: బీఏ, బీకాం, బీఎస్సీ పిల్లలకు

ప్రొఫెషనల్ కోర్సు కాని డిగ్రీలో ఉన్నవాళ్లకు దారి ఇదే. మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి ఇద్దరు పిల్లల వరకు, ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా నెలకు 1,000 ఇచ్చేవారు. 2025 నవంబర్ 1 నుంచి 2,000 చేశారు. రెండేళ్ల పీజీ చదివే వితంతువులకు కూడా అదే. ర్యాంకు హవల్దార్, లేదా దానికి సమానం దాటకూడదు. నాయబ్ సుబేదార్‌గా రిటైరైతే రాదు.

దీని మంచితనం ఏమిటంటే, యుద్ధమా, సర్వీసు కారణమా అన్న లెక్క లేదు. ఆర్డినరీ పెన్షన్ కుటుంబం కూడా పెట్టుకోవచ్చు. మార్కుల పోటీ లేదు, తరగతి పాసైతే చాలు. ఏడాదికి 24,000, మూడేళ్ల డిగ్రీకి 72,000. పాసైన మార్కుల మెమోతో తర్వాత దరఖాస్తు పెడతారు కాబట్టి ఈ ఏటి ఫీజుకు ఈ డబ్బు పనికిరాదు. వేరే చోట నుంచి విద్యా భత్యం తీసుకుంటుంటే కుదరదు.

ఇంట్లో ఇద్దరు పిల్లలుండి ఒకరు కావలిలో బీకాం, ఇంకొకరు తొమ్మిదో తరగతి అయితే ఇద్దరికీ కలిపి నెలకు 4,000. ఇంత సులువైన దాన్ని వదిలేసి కన్సల్టెంట్ల చుట్టూ తిరిగేవాళ్లను చూస్తే చిరాకేస్తుంది.

రాష్ట్రం ఇచ్చేవి: సీటు ఒకటి, ఫీజు ఒకటి

సీటు సంగతి ముందు. ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్ ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో సైనిక సిబ్బంది పిల్లలకు 2 శాతం సీట్లు ఉన్నాయి. క్యాప్ కోటా అంటారు. ఇది డబ్బు సాయం కాదని చాలామంది పట్టించుకోరు. నేనైతే దీన్ని స్కాలర్‌షిప్ కన్నా పైన పెడతాను. మేనేజ్‌మెంట్ సీటులో చేరి ఏడాదికి 30,000 స్కాలర్‌షిప్ తెచ్చుకోవడం కంటే, క్యాప్ కోటాలో యూనివర్సిటీ కాలేజీలో సీటు తెచ్చుకుంటే మిగిలేది ఎక్కువ. ఇక్కడ కూడా ప్రాధాన్య క్రమం ఉంటుంది, అమరుల పిల్లలు ముందు. సర్టిఫికెట్ల పరిశీలన మామూలు పిల్లలకు వేరు, ప్రత్యేక కేటగిరీలకు వేరు, ఆ తేదీ తప్పితే కోటా పోయినట్టే. ఎంబీబీఎస్ కోరుకునేవాళ్లు కేంద్రీయ సైనిక్ బోర్డు ద్వారా వచ్చే రక్షణ కోటా సీట్ల సంగతి కూడా అడగాలి. నీట్‌లో క్వాలిఫై కావడం తప్పనిసరి, సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే.

ఇక ఫీజు రీయింబర్స్‌మెంట్. ఆదాయ పరిమితి ఏడాదికి 2.5 లక్షలు. ఇక్కడో విచిత్రం ఉంది. యుద్ధంలో పోయిన సైనికుడి భార్యకు లిబరలైజ్డ్ పెన్షన్ అంటే ఆయన చివరిగా తీసుకున్న జీతమంత వస్తుంది. ఏడాదికి లెక్కేస్తే 2.5 లక్షలు ఇట్టే దాటుతుంది. స్పెషల్ పెన్షన్ అయితే 60 శాతం, ఆర్డినరీ అయితే మొదట్లో కొన్నేళ్లు ఎక్కువ ఇచ్చి తర్వాత 30 శాతం. అంటే కేంద్రం వరుసలో వెనకున్నవాళ్లకు ఇక్కడ కొంత ఆశ ఉంది. అయితే పింఛనుదారుల విషయంలో రాష్ట్రం నిబంధన ఏముందో సచివాలయంలో అడిగి తేల్చుకున్నాకే దీన్ని నమ్ముకోండి. కన్వీనర్ సీటుకే వర్తిస్తుంది, మేనేజ్‌మెంట్ సీటుకు రాదు. విడతలు ఎప్పుడు పడతాయన్నది మన జిల్లాల్లో ఏ కాలేజీ పిల్లాడిని అడిగినా నవ్వి ఊరుకుంటాడు.

బ్యాంకు రుణం

సాయం అనలేం కానీ జులై ఫీజుకు ఇదే అక్కరకొస్తుంది. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద జాబితాలో ఉన్న సంస్థల్లో సీటొస్తే పూచీకత్తు, హామీ లేకుండా రుణం ఇస్తారు. ఆదాయం 8 లక్షల లోపైతే 10 లక్షల వరకు రుణం మీద చదువు కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ. 4.5 లక్షల లోపు ఆదాయం ఉండి టెక్నికల్, ప్రొఫెషనల్ కోర్సు చదివితే ఆ కాలపు వడ్డీ మొత్తం ప్రభుత్వమే భరిస్తుంది. విద్యా రాయితీ అర్హత ఉన్న కుటుంబం రుణంతో ఫీజు కట్టి, రీయింబర్స్‌మెంట్ వచ్చిన కొద్దీ తీర్చేయడం నేను చూసిన వాటిలో సాఫీగా సాగిన పద్ధతి. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందా అన్నది చేరకముందే చూసుకోండి.

నేనైతే ఎవరికి ఏం చెబుతాను

లిబరలైజ్డ్ పెన్షన్ ఉండి, పిల్లలు హాస్టల్‌లో ఉంటే విద్యా రాయితీయే, సందేహం లేదు. అదే పిల్లాడు ప్రభుత్వ కాలేజీలో తక్కువ ఫీజుతో, ఇంటి దగ్గర నుంచే చదువుతుంటే లెక్క మారుతుంది. ఫీజు ఏడాదికి 15,000 అయితే రాయితీలో వచ్చేది 15,000, పుస్తకాల డబ్బు, అంతే. స్వనాథ్ 50,000, ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ 30,000 ఫీజుతో సంబంధం లేకుండా వస్తాయి. అప్పుడు అటే వెళ్లమంటాను.

స్పెషల్ పెన్షన్ కుటుంబానికి, బోర్డ్ అవుట్ అయిన జవాను కుటుంబానికి ప్రొఫెషనల్ కోర్సయితే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ముందు, పైన క్యాప్ కోటా. 60 శాతం లేకపోతే రక్షా మంత్రి నిధి గురించి సైనిక్ ఆఫీసులో అడగాలి.

ఆర్డినరీ పెన్షన్ కుటుంబానికి సలహా చెప్పడమే కష్టం. 90 దాటిన మార్కులుంటే ఆరో కేటగిరీలో ప్రయత్నించండి. దాని మీదే ఆశ పెట్టుకోకుండా ఫీజు రీయింబర్స్‌మెంట్ దారి కూడా తెరిచి ఉంచండి. రెండూ మంజూరైతే ఏది ఉంచుకోవాలో అప్పుడు తేల్చుకోవచ్చు, ఒకటి వదులుకుంటూ రాసివ్వాలి.

వైకల్యం విషయంలో "అట్రిబ్యూటబుల్ కాదు" అని రాసిన కాయితంతోనే ఇరవై ఏళ్లుగా బతుకుతున్నవాళ్లున్నారు. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, చేరేటప్పుడు రికార్డులో జబ్బు రాసి లేకపోతే తర్వాత వచ్చినదాన్ని సర్వీసు వల్ల వచ్చిందనే అనుకోవాలని, కాదని రుజువు చేయాల్సింది సైన్యమేనని చెప్పింది. మన రాష్ట్రం కేసులు చూసే సాయుధ దళాల ట్రిబ్యునల్ బెంచ్ చెన్నైలో ఉంది, నెల్లూరు నుంచి మూడు గంటల రైలు. ఈ ఏటి ఫీజుకు అది పనికిరాదు కానీ, చిన్న పిల్లలున్న ఇల్లయితే ఇప్పుడే లాయరును కలవడం మంచిది.

కాయితాల దగ్గర ఆగిపోయేది

మళ్లీ ఆ రేకు డబ్బా దగ్గరికి వస్తాను. పీపీఓలో "స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్" అని ఉంది. యుద్ధ మరణం కాదు కాబట్టి విద్యా రాయితీ, స్వనాథ్ రెండూ పోయాయి. ఇంటర్‌లో 71 శాతం, బీటెక్ మొదటి ఏడు. మూడో కేటగిరీలో ప్రధానమంత్రి స్కాలర్‌షిప్. పది నిమిషాల్లో తేలిపోయింది.

తేలనిది పిల్లాడి పేరు. ఆధార్‌లో, టెన్త్ మెమోలో ఇంటిపేరుతో పూర్తిగా ఉంది. సైన్యం రికార్డుల్లో ముద్దుపేరుతో రెండు ముక్కలుగా ఉంది. పుట్టినప్పుడు తండ్రి యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డర్ (కుటుంబ వివరాలు రికార్డుకెక్కించే ఉత్తర్వు) చేయించేటప్పుడు ఇంట్లో పిలిచే పేరే రాయించాడు. తర్వాత సరిచేయించే మనిషి లేడు. దానికి తోడు కాలేజీ ఇచ్చిన బోనఫైడ్‌లో ఒక గడి ఖాళీగా వదిలేశారు. దరఖాస్తు వెనక్కొచ్చింది. ఇంకా పన్నెండు రోజులే గడువు. ఆ పిల్లాడు కాలేజీ ఆఫీసు ముందు రెండు రోజులు నిలబడితే గానీ ఆ గడి నిండలేదు.

అందుకని వెళ్లేముందు చూసుకోండి. ఆధార్, టెన్త్ మెమో, సైన్యం రికార్డు మూడింట్లో పిల్లల పేరు, పుట్టిన తేదీ ఒకటేనా? పిల్లల ఖాతాకు ఆధార్ లింకయిందా? బోనఫైడ్ కాలేజీ లెటర్‌హెడ్ మీద కాకుండా బోర్డు ఇచ్చిన నమూనాలోనే ఉందా, ముద్ర పడిందా? ఐడీ కార్డు, పీపీఓ రెండువైపులా స్కాన్ చేశారా? సైనిక్ ఆఫీసులో మీ ఫైలు ఏ జిల్లాలో ఉందో కూడా అడగండి. 2022లో కందుకూరు నెల్లూరు జిల్లాకు వచ్చింది, ఆ తర్వాతా గీతలు కదిలాయి. ఒంగోలులో నమోదై నెల్లూరులో క్యూలో నిలబడి, భోజనాల వేళకు ఆ సంగతి తెలిసిన పెద్దాయన్ని నేనే చూశాను.

ఆమె వెళ్లేటప్పుడు డబ్బా సర్దుతూ ఇంకో కాయితం చూపించింది. కూతురిది. తొమ్మిదో తరగతి. రికార్డులో ఆ పిల్ల పుట్టిన సంవత్సరమే తప్పుగా ఉంది. "దీనికింకా టైముంది కదా అబ్బయా" అంది. ఆ మధ్యాహ్నమే రికార్డ్ ఆఫీసుకు సవరణ దరఖాస్తు రాసి, బర్త్ సర్టిఫికెట్ జిరాక్స్ జతచేసి, సోమవారం రిజిస్టర్ పోస్టులో వేయమని చెప్పి కవరు ఆమె చేతికిచ్చాను.